మాత్ర వెనక మనిషి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన చిట్టమూరు హాస్టల్లో బోదకాలు మాత్రలు పంచిన రోజు గుర్తుందా మిత్రులారా? ఏ జబ్బూ లేనిదే మాత్ర ఎందుకని కిటికీలోంచి పారేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అది మన తెలుగువాడి కృషి ఫలితమని అప్పుడు నాకు తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇల్లు పేదది. చదువు మీద మనసు నిలవక, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నతనంలోనే ఇల్లు విడిచి పారిపోయారు. తల్లి వెంకమ్మ వెతికి వెనక్కి తెచ్చింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి డిగ్రీ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికొచ్చింది. ఆ కాలంలోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో మరణించారు. ఆ దుఃఖమే ఆయనకు దారి చూపింది.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారి సాయంతో 1920ల మొదట్లో అమెరికా చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో గుర్తించారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందైంది. సోదరులను బలిగొన్న జబ్బుకు అలా బదులు చెప్పారు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌తో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ నేటికీ వాడుతున్నారు.

ఇక మన మాత్ర హెట్రజాన్, అంటే డి.ఇ.సి. మన ఒంట్లోని కణాలు కొవ్వు ఆమ్లాల నుంచి ప్రోస్టాగ్లాండిన్లనే సంకేతాలు తయారుచేసి పంపుకుంటాయి. తాళానికి తాళంచెవిలా వాటిని అందుకునే గ్రాహకాలు కణాల మీద ఉంటాయి. వాపు, నొప్పి, రక్షణ చర్యలు చాలావరకు ఈ కబుర్ల మీదే నడుస్తాయి. ఫైలేరియా పురుగుపిల్లలూ ఇలాంటి సంకేతాలు తయారుచేస్తాయి. డి.ఇ.సి. ఈ కొవ్వు సంకేతాల తయారీని అడ్డుకుంటుందనీ, అప్పుడు మన రక్షణ కణాలు ఆ పురుగుపిల్లలను పట్టుకుంటాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సుబ్బారావుగారి కాలానికి ఈ వివరం తెలియదు. మందు ముందు వచ్చింది, కారణం తర్వాత తెలిసింది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. స్వదేశంలో ఉండిపోయిన భార్య శేషగిరమ్మను మళ్లీ చూడనేలేదు. ఆ గెలుపుల వెనక ఆమె ఎదురుచూపు కూడా ఉంది. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

తమ్ముళ్లారా, ఒకసారి పరీక్ష తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లకండి. ఆయనా పరుల ధర్మంతో చదువుకున్నవారే, మనమూ అంతే. ఈసారి మాత్ర ఇస్తే పారేయకండి. అన్నం తిన్నాక మింగండి.