స్వావలంబన శిల్పి ఏ.ఎస్. రావు

విజయవాడ నుండి హైదరాబాదుకు సాగే జాతీయ రహదారి నందిగామను, జగ్గయ్యపేట పొలిమేరలను దాటి తెలంగాణలో ప్రవేశిస్తుంది. కృష్ణాతీరపు మెట్ట గ్రామాల నుండి ఎందరో యువతీయువకులు ఉన్నత విద్యకై, కంప్యూటరు కొలువులకై ఈ దారిననే పయనిస్తుంటారు. వారు చేరే మహానగరానికి ఈశాన్యాన ఏ.ఎస్. రావు నగర్ అనే పేట ఉంది. ఆ పేరు వెనుక, మన దేశంలోనే కంప్యూటర్లు తయారు కావాలని తపించిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం దాగి ఉంది.

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పట్టం పొంది, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు అభ్యసించారు. స్వదేశానికి తిరిగివచ్చి, హోమీ భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరారు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో పరిశోధనకు అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరాలలో అధిక భాగం విదేశాల నుండి రావలసినవే. అవి చెడిపోతే బాగుచేయడానికి కూడా పరాయి దేశాల వైపు చూడవలసి వచ్చేది. ఈ దుస్థితిని తొలగించాలంటే పరికరాలను మనమే నిర్మించుకోవాలని సాంబశివరావు విశ్వసించారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో భారతదేశపు మొదటి అణు రియాక్టరు అప్సర పనిచేయనారంభించింది. దానికి ఇంధనం బ్రిటన్ నుండి వచ్చినా, నియంత్రణ వ్యవస్థను ఆయన నాయకత్వంలోని బృందమే రూపొందించింది.

1963లో దేశ ఎలక్ట్రానిక్స్ అవసరాలను పరిశీలించేందుకు ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. విక్రం సారాభాయ్, సూరి భగవంతం గార్లతోపాటు సాంబశివరావు కూడా అందులో సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన ఆశయాన్ని కొనసాగించే భారం సహచరులపై పడింది.

ఆ భారం ఎంతటిదో గ్రహించాలంటే ఆనాటి కంప్యూటరు స్వభావం తెలియాలి. మెయిన్‌ఫ్రేమ్ అని పిలువబడే పెద్ద కంప్యూటరు ఒక గదినంతా ఆక్రమించేది. దానిని గదిలో నిలిపి, విద్యుత్తు అందించినంత మాత్రాన పని జరిగేది కాదు. దాని మెమరీ ఎంత, కార్డులు చదివే పరికరాలెన్ని, టేపులెన్ని, ముద్రణ యంత్రం చిరునామా ఏది అనే వివరాలన్నింటినీ నిర్ణీత క్రమంలో వ్రాసి, అసెంబ్లర్ అనే ప్రోగ్రాముకు అందించాలి. అది వాటిని యంత్రభాషలోకి మార్చిన పిదప, ఆ కంప్యూటరుకు తగిన ఆపరేటింగ్ సిస్టం సిద్ధమవుతుంది. ఈ ప్రక్రియకే సిస్టం జనరేషన్ అని పేరు. ఒక్క చిరునామా తప్పినా ఆ పరికరం మూగబోతుంది. 1967 నాటికే అమెరికాలోని ఐబీఎం పరిశోధకులు ఒకే కంప్యూటరును పలు కంప్యూటర్లుగా భాసింపజేసే వర్చువల్ మెషీన్ పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. ఇతరుల పనికి అంతరాయం కలుగకుండా, అటువంటి కల్పిత యంత్రంలోనే క్రొత్త వ్యవస్థను కూర్చి పరీక్షించే వీలు దానివలన కలిగింది. యంత్రాన్ని కొనుక్కోవడం సులభం. దాని అంతరంగాన్ని ఎరగడం కష్టం. ఆ రహస్యం తెలియనివాడు యంత్రానికి యజమాని అయినా, దానిని తయారుచేసినవారిపై ఆధారపడక తప్పదు.

అదే 1967వ సంవత్సరం ఏప్రిల్‌లో, అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఆవిర్భవించింది. ఈసీఐఎల్‌గా ప్రసిద్ధి చెందిన ఆ సంస్థకు సాంబశివరావు సారథ్యం వహించారు. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటరును ఈసీఐఎల్ 1969లో అందించింది. 1970వ దశకం మధ్యనాటికి టీడీసీ-312, టీడీసీ-316 వెలువడ్డాయి. విదేశీ యంత్రాలతో పోల్చినపుడు ఇవి వెనుకబడినవనే విమర్శ రాకపోలేదు. అది నిరాధారమూ కాదు. అయితే వాటిని నిర్మించే క్రమంలో మన ఇంజనీర్లు యంత్రాన్ని లోపలి నుండి తెలుసుకొన్నారు. 1978లో ఐబీఎం భారతదేశాన్ని విడిచి వెళ్ళినపుడు ఆ అనుభవం విలువ మరింత స్పష్టమైంది.

సాంబశివరావు సేవలకు గుర్తింపుగా 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. 2003లో ఆయన దివంగతులైనారు.

నేటి విద్యార్థి చేతిలోని చిన్న ఫోను ఆనాటి కంప్యూటరు కంటె ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. దానిని వాడడంతో తృప్తి చెందక, అది ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవాలనే జిజ్ఞాస కలిగినపుడే స్వావలంబనకు పునాది పడుతుంది. సాంబశివరావు జీవితం మనకందించే సందేశమిదే.