సి.ఎస్. నాయుడు: యుద్ధము హరించిన యౌవనము

నాయుడు అనగానే క్రికెట్టు అభిమానులకు స్ఫురించునది 1932లో భారతజట్టు తొలి టెస్టునకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడు. ఆయన తమ్ముడు సుబ్బన్న నాయుడును గొప్ప ఆటగాడే. కాని టెస్టుల పట్టిక చూచినవారికి ఆ సంగతి తోచదు. అందు కనబడునది పదునెనిమిదేండ్లలో 11 టెస్టులు, 2 వికెట్లు మాత్రమే. ఫస్టుక్లాసు పోటీలన్నిటను కలిపి అతడు పడగొట్టిన వికెట్లు 647. ఈ రెండు సంఖ్యల నడుమ నిలిచినది రెండవ ప్రపంచయుద్ధము.

సుబ్బన్న 1914 ఏప్రిలు 18వ తేదీన నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించెను. 1934 జనవరిలో, కలకత్తాలో, అన్న నాయకత్వముననే తొలి టెస్టు ఆడునాటికి అతనికి ఇరువదేండ్లు నిండలేదు. 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారతజట్టు నాయకుడు విజయనగరపు మహారాజకుమారుడు. విజయనగరము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆ పర్యటనలో సుబ్బన్న రెండు టెస్టులు ఆడెను.

మణికట్టు త్రిప్పి వేయు లెగ్‌బ్రేకు, గూగ్లీ అతని ఆయుధములు. ఈ విద్య ఒకనాట పట్టువడునది కాదు. మేటి బ్యాట్స్‌మనుల యెదుట పలుమారు దెబ్బతిని నేర్చుకొనవలసినది. సరిగా ఆ వయస్సుననే అతనికి దారి మూసికొనిపోయెను. 1939 సెప్టెంబరులో యుద్ధము మొదలయ్యెను. ఆ శీతకాలమున రావలసిన ఎం.సి.సి. జట్టు రాలేదు. 1936 ఆగస్టు తరువాత మరల 1946 జూను వరకు భారతజట్టు ఒక్క టెస్టైనను ఆడలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. ప్రాణములకే భద్రత లేని ఆ దినములలో ఒక ఆటగాని నష్టమును లెక్కించువారెవరు?

సుబ్బన్న మాత్రము ఆట మానలేదు. దేశములో రంజీ పోటీలు సాగుచునే యుండెను. 1942-43లో బరోడా తరఫున అతడు 40 వికెట్లు తీసెను. అంతకు ముందు ఏ బౌలరును ఆ పోటీలలో ఒక యేట అన్ని తీసియుండలేదు. ఆ యేడు బరోడా సికింద్రాబాదున హైదరాబాదును ఓడించి విజేత యయ్యెను.

1945 మార్చిలో బొంబాయిలో జరిగిన ఫైనలు అతని ఓర్పునకు అగ్నిపరీక్ష. హోల్కారు జట్టునకు అన్న నాయకుడు. ఆర్సెనలు ఫుట్‌బాలు ఆటగాడును, యుద్ధమువలన సైనికుడై ఈ దేశమునకు వచ్చినవాడును అగు డెనిసు కాంప్టను ఆ జట్టుననే ఆడి 249 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. బొంబాయివారు రెండు ఇన్నింగ్సులలో 1,226 పరుగులు చేసిరి. సుబ్బన్న 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, 11 వికెట్లు తీసెను. ఫస్టుక్లాసు ఆటలలో అన్ని బంతులు వేసినవారు మరియొకరు లేరు. హోల్కారు 374 పరుగుల తేడాతో ఓడిపోయెను.

1946లో టెస్టులు తిరిగి మొదలగునాటికి అతనికి ముప్పదిరెండేండ్లు నిండినవి. ఇంగ్లండున రెండు, ఆస్ట్రేలియాలో నాలుగు, 1951-52లో స్వదేశమున ఒకటి ఆడినను వికెట్లు చిక్కలేదు. యుద్ధమే లేనిచో తప్పక రాణించియుండెడివాడని నిర్ణయింప వీలులేదు. అయితే నేర్వవలసిన వయస్సున నేర్చు అవకాశము అతనికి దక్కలేదన్నది నిజము. తరువాత ఆంధ్ర జట్టు తరఫునను ఆడి, 2002 నవంబరు 22వ తేదీన ఇందూరులో కన్నుమూసెను.

2016లో విశాఖపట్టణమున తొలి టెస్టు జరిగినది. నేటి బాలునకు టెస్టు ఆట తన ఊరికే వచ్చినది. సుబ్బన్న యౌవనమున దేశమునకే అది కరవయ్యెను. తన వశమున లేనిదానికై వగవక, ఎదుటనున్న మైదానమున 917 బంతులు వేసినవాని కృషిని రెండు వికెట్లతో తూచుట న్యాయము కాదు.