యాకోబు

యాకోబు హెబ్రీ పవిత్ర గ్రంథాలలో పేర్కొనబడిన మూలపురుషులలో మూడవవాడు. ఇతడు అబ్రాహాముకు మనుమడు. ఇస్సాకు, రిబ్కా దంపతుల కుమారుడు. ఇతనికి ఇశ్రాయేలు అని మరొక పేరు కలదు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలవారు ఇతని సంతతిగా చెప్పబడతారు. ఇస్లాంలో ఇతడు యాఖూబ్ అను పేరుతో ప్రవక్తగా గౌరవించబడతాడు. క్రొత్త నిబంధనలో యేసు శిష్యులుగా కనిపించే యాకోబులు వేరు.

యాకోబు జీవితానికి సమకాలిక శాసనాధారాలేవీ లభించలేదు. ఈ వ్యాసంలోని విశేషాలు ప్రధానంగా ఆదికాండము 25 నుండి 50 వరకు గల అధ్యాయాలను అనుసరించి ఇవ్వబడ్డాయి. జ్యేష్ఠునికి చెందవలసినది కనిష్ఠునికి దక్కడం, అందుకు ఆ కుటుంబం చెల్లించిన మూల్యం ఈ కథకు కేంద్రం.

జ్యేష్ఠత్వం

ప్రాచీన ఇశ్రాయేలు సమాజంలో కుమారుల జననక్రమానికి ఎంతో ప్రాధాన్యం ఉండేది. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం ప్రకారం తండ్రి ఆస్తిలో పెద్ద కుమారునికి రెండు భాగాలు రావాలి. ఇద్దరు కుమారులున్నట్లయితే ఆస్తిని మూడు భాగాలు చేసి, రెండు పెద్దవానికి, ఒకటి చిన్నవానికి ఇవ్వాలని దీనికి సాధారణంగా చెప్పబడే అర్థం. ఇద్దరు భార్యలలో ఒకరిపై మాత్రమే ప్రేమ ఉన్నప్పటికీ, ఆమె కుమారుని కోసం రెండవ భార్యకు పుట్టిన జ్యేష్ఠుని హక్కును తీసివేయరాదని అదే శాసనం చెబుతుంది.

వారసత్వ విషయంలో జ్యేష్ఠుడు అనగా తండ్రికి మొదట పుట్టిన కుమారుడు. నిర్గమకాండము 13వ అధ్యాయంలో దేవునికి ప్రతిష్ఠించవలసినదిగా చెప్పబడిన తొలిచూలు వేరు. అది తల్లి గర్భాన మొదట పుట్టిన మగబిడ్డకు సంబంధించినది. ఈ లెక్కన యాకోబు ఇంట రూబేను, దాను, గాదు, యోసేపు అను నలుగురు తమ తమ తల్లులకు తొలిచూలు బిడ్డలే. కాని తండ్రికి జ్యేష్ఠుడు రూబేను ఒక్కడే.

జననం, జ్యేష్ఠత్వ విక్రయం

ఇస్సాకుకు 60 సంవత్సరాల వయస్సులో కవలలు జన్మించారు. మొదట ఏశావు, అతని మడిమను పట్టుకొని యాకోబు పుట్టారు. యాకోబు అను పేరు మడిమ అను అర్థం గల హెబ్రీ పదంతో ముడిపడి ఉన్నది. ఏశావు వేటగాడై తండ్రికి ప్రీతిపాత్రుడయ్యాడు. గుడారాలలో నివసించే యాకోబును తల్లి ప్రేమించింది.

ఒకనాడు పొలం నుండి అలసి వచ్చిన ఏశావు, యాకోబు వండుతున్న ఎర్రని వంటకం అడిగాడు. యాకోబు అందుకు బదులుగా జ్యేష్ఠత్వాన్ని కోరి, ప్రమాణం చేయించుకొని రొట్టెను, వంటకాన్ని ఇచ్చాడు. తెలుగు బైబిలులో ఇది చిక్కుడుకాయల వంటకంగా అనువదించబడినది. హెబ్రీ మూలంలోని పదానికి అర్థం ఎర్రపప్పు, అనగా మసూరుపప్పు వంటి ధాన్యం.

ఇరాక్‌లోని నూజీలో లభించిన క్రీ.పూ. 15-14 శతాబ్దాల మట్టిపలకలలో, ఒకడు తన వారసత్వ భాగమైన తోటను మూడు గొర్రెలకు బదులుగా సోదరునికి ఇచ్చిన ఒప్పందం కనిపిస్తుంది. దీనిని ఈ కథతో పోల్చడం విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు.

తండ్రి ఆశీర్వాదం

వృద్ధాప్యంలో చూపు మందగించిన ఇస్సాకు పెద్ద కుమారుని ఆశీర్వదించదలచాడు. తల్లి ప్రోద్బలంతో యాకోబు అన్న వస్త్రాలు ధరించి, చేతులకు, మెడకు మేకపిల్లల చర్మాలు కప్పుకొని తండ్రిని మోసగించి ఆశీర్వాదం పొందాడు. హెబ్రీలో జ్యేష్ఠత్వాన్ని బెకోరా అని, ఆశీర్వాదాన్ని బెరాకా అని అంటారు. దాదాపు ఒకేలా ధ్వనించే ఈ రెండింటినీ పోగొట్టుకున్న ఏశావు తమ్ముని చంపదలచగా, యాకోబు హారానులోని మేనమామ లాబాను ఇంటికి పారిపోయాడు. ఆ తరువాతి కథలో రిబ్కా కుమారుని మరల చూచినట్లు చెప్పబడలేదు.

లాబాను ఇంట

యాకోబు లాబాను చిన్న కుమార్తె రాహేలును ప్రేమించి, ఆమె కొరకు 7 సంవత్సరాలు కొలువు చేశాడు. వివాహ రాత్రి లాబాను పెద్ద కుమార్తె లేయాను పంపాడు. పెద్దది ఉండగా చిన్నదానికి పెండ్లి చేయుట తమ దేశాచారం కాదన్నది అతని సమాధానం. అన్న స్థానంలో తాను నిలిచి తండ్రిని మోసగించిన యాకోబుకు, చెల్లెలి స్థానంలో అక్క నిలిచి అదే అనుభవమైనది. రాహేలు కొరకు మరొక 7 సంవత్సరాలు, మందల కొరకు 6 సంవత్సరాలు, మొత్తం 20 సంవత్సరాలు అతడు అక్కడ పనిచేశాడు.

యాకోబు కుమారులు

* లేయాకు: రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను
* రాహేలు దాసి బిల్హాకు: దాను, నఫ్తాలి
* లేయా దాసి జిల్పాకు: గాదు, ఆషేరు
* రాహేలుకు: యోసేపు, బెన్యామీను

వీరు గాక లేయాకు దీనా అను కుమార్తె కలదు.

అన్నదమ్ముల కలయిక

స్వదేశానికి తిరిగివస్తూ, ఏశావు 400 మందితో ఎదురు వస్తున్నాడని విని యాకోబు మిక్కిలి భయపడ్డాడు. ఒంటెపిల్లలు గాక 550 పశువులను కానుకగా ముందు పంపాడు. యబ్బోకు రేవు వద్ద రాత్రంతా ఒక అజ్ఞాత వ్యక్తితో పెనుగులాడి తుంటి దెబ్బతిన్నాడు. ఇశ్రాయేలు అను పేరు అప్పుడే పొందాడు. మరునాడు అన్నకు ఏడుమార్లు సాష్టాంగపడ్డాడు. ఏశావు పరుగెత్తి వచ్చి అతనిని కౌగిలించుకున్నాడు. తరువాతి కాలంలో తండ్రిని అన్నదమ్ములిద్దరూ కలిసి సమాధి చేశారు.

రూబేను, యోసేపు

జ్యేష్ఠుడైన రూబేను బిల్హాతో శయనించి తండ్రి ఆగ్రహానికి గురయ్యాడు. షిమ్యోను, లేవి షెకెము పట్టణంలో జరిపిన హత్యాకాండ వలన తండ్రి మన్నన కోల్పోయారు. ప్రియభార్య కుమారుడైన యోసేపుకు యాకోబు ప్రత్యేకమైన అంగీ చేయించాడు. అసూయపడిన అన్నలు 17 సంవత్సరాల యోసేపును 20 తులముల వెండికి అమ్మి, ఆ అంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి చూపారు. మేక చర్మంతో, అన్న వస్త్రాలతో తండ్రిని మోసగించినవాడు మేక రక్తంతో, కుమారుని వస్త్రంతో మోసపోయాడు.

దినవృత్తాంతముల మొదటి గ్రంథము 5వ అధ్యాయం ప్రకారం రూబేను జ్యేష్ఠత్వం యోసేపు కుమారులకు చెందినది. పరిపాలన మాత్రం యూదా వంశానికి దక్కినది. ఒంకెలోసు తర్గూములో జ్యేష్ఠత్వం, యాజకత్వం, రాజ్యం అను మూడింటినీ రూబేను పోగొట్టుకున్నట్లు చెప్పబడినది. యాజకత్వం లేవి గోత్రానికి చెందినది.

చివరి రోజులు

కరవు కాలంలో యాకోబు 130 సంవత్సరాల వయస్సున కుటుంబంతో ఐగుప్తుకు వెళ్ళి, అక్కడ 17 సంవత్సరాలు జీవించాడు. యోసేపు తన కుమారులను దీవెన కొరకు తీసుకొనిరాగా, యాకోబు చేతులు అడ్డముగా మార్చి కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తలపై, ఎడమచేతిని పెద్దవాడైన మనష్షే తలపై ఉంచాడు. యోసేపు సరిదిద్దబోగా అంగీకరించలేదు. తండ్రి వలెనే ఇతనికీ అప్పటికి చూపు మందగించినది. అయితే ఈసారి మోసం లేదు. తెలిసి, అందరి ఎదుట చేసిన నిర్ణయమిది. 147 సంవత్సరాల వయస్సులో మరణించిన యాకోబును హెబ్రోను సమీపాన మక్పేలా గుహలో సమాధి చేశారు.

ఇతర ఉదాహరణలు

ఇష్మాయేలు ఉండగా ఇస్సాకు, ఏడుగురు అన్నలుండగా దావీదు, అదోనీయా ఉండగా సొలొమోను ఎన్నికైనట్లు ఈ గ్రంథాలు చెబుతాయి. అయినప్పటికీ వీటిని బట్టి ఆచారం మారిపోయినదని భావించరాదు. యూదా రాజు యెహోషాపాతు తన కుమారులందరికీ ధనమిచ్చి, రాజ్యం మాత్రం జ్యేష్ఠుడైనందున యెహోరాముకు ఇచ్చాడు. ఆ యెహోరాము రాజైన తరువాత తన తమ్ములను చంపించాడు. జననక్రమం హక్కును నిర్ణయించినది గాని, యోగ్యతను నిర్ణయించలేదని ఈ వృత్తాంతాలన్నీ కలిపి చదివినప్పుడు తెలుస్తుంది.