ఆకుపచ్చ రేణువుల వంశం వెతికిన షింపర్

బుట్టలో పైన ఉండి వెలుగు తగిలిన బంగాళాదుంప కొన్నాళ్లకు పచ్చబడుతుంది. కోయకుండా చెట్టునే వదిలేసిన పచ్చిమిరపకాయ ఎర్రబడుతుంది. ఈ రెండు మార్పులూ ప్లాస్టిడ్‌లు అనే ఒకే కుటుంబపు రేణువుల పని. దుంపలోని తెల్ల రేణువు వెలుగు తగిలితే ఆకుపచ్చగా మారుతుంది, కాయలోని ఆకుపచ్చ రేణువు పండే వేళకు ఎర్రగా మారుతుంది. ఆ రేణువులు అసలు ఎక్కడి నుంచి వస్తాయని పట్టుబట్టి వెతికినవాడు ఆండ్రియాస్ షింపర్. ప్లాస్టిడ్ అనే మాటకు ఇప్పుడు మనం చదువుకునే అర్థం స్థిరపడింది ఆయన వల్లనే.

షింపర్ 1856 మే 12న స్ట్రాస్‌బర్గ్ నగరంలో పుట్టాడు. తండ్రి విల్‌హెల్మ్ ఫిలిప్ షింపర్ వానాకాలంలో గోడల మీద మెత్తగా, పచ్చగా పరుచుకునే మాస్ మొక్కల మీద పేరుపడ్డ పండితుడు. ఆ ఊరి ప్రకృతి విజ్ఞాన మ్యూజియం కూడా ఆయన చేతిలోనే ఉండేది. అబ్బాయి పుట్టినప్పుడు స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్‌ది. 1870లో యుద్ధం వచ్చింది, మరుసటి ఏడాది ఊరు జర్మనీకి వెళ్లిపోయింది. మనకు బదిలీ అయితే సామాను సర్దుకుని మనమే ఊరు మారతాం. ఆ కుటుంబం మాత్రం ఉన్న ఊళ్లో ఉండగానే దేశం మారిపోయింది.

జర్మనీ వాళ్లు అక్కడ కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయంలో డి బారీ అనే గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడి దగ్గర షింపర్ చదివి, 1878లో డాక్టరేట్ పొందాడు. వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడాన్ని సహజీవనం అని పిలిచి, ఆ మాటను శాస్త్రంలో నిలబెట్టిన గురువు డి బారీయే. మన ఇళ్లలో బిర్యానీలో వేసే రాతిపువ్వు ఇందుకు మంచి ఉదాహరణ. చూడడానికి అది ఒకే జీవి. నిజానికి శిలీంధ్రమూ శైవలమూ, అంటే బూజు జాతిదీ నాచు జాతిదీ, ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతున్న కాపురం. గురువు దగ్గర విన్న ఈ సంగతి శిష్యుడికి తర్వాత బాగా పనికొచ్చింది.

అప్పట్లో చాలామంది నమ్మకం ఏమిటంటే, పెద్ద మొక్కల్లో ఆకుపచ్చ రేణువులు కణంలోని జిగురు ద్రవం నుంచి ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతాయని. శైవలాల్లో ఈ రేణువులు రెండుగా చీలడం అంతకుముందే కొందరు చూశారు గానీ, పెద్ద మొక్కల సంగతి తేలలేదు. షింపర్ ఇంకా పచ్చదనం రాని లేత మొగ్గల కొనలను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అక్కడ రంగులేని చిన్న చిన్న రేణువులు ముందే ఉన్నాయి. అవి పెరిగి, నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతున్నాయి. ఆకు విచ్చుకునేటప్పుడు పచ్చబడేవి ఇవే, దుంపలో పిండి నింపుకునేవీ ఇవే. 1883లో అచ్చయిన వ్యాసంలో ఆయన తేల్చింది ఇది: ప్లాస్టిడ్ ప్లాస్టిడ్ నుంచే పుడుతుంది, శూన్యం నుంచి పుట్టదు. జర్మనీలోనే ఆర్థర్ మేయర్ అనే మరో శాస్త్రజ్ఞుడూ అదే ఏడాది ఇంచుమించు ఇదే మాటకు వచ్చాడు.

ఆ వ్యాసంలో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. ఈ రేణువులకు సొంత వంశం ఉన్నట్టయితే, కణానికీ వాటికీ ఉన్న సంబంధం సహజీవనంలా కనిపిస్తోందని, రంగులేని ఒక జీవి, పచ్చదనం ఉన్న మరో జీవి ఒకటి కావడం వల్ల పచ్చని మొక్కలు పుట్టి ఉండవచ్చని అందులో సూచించాడు. మాకు ఆయనలో బాగా నచ్చేది ఇక్కడే. కంటితో చూసినదాన్ని పేజీ మధ్యలో పెట్టాడు, ఊహను పేజీ అడుగున పెట్టాడు. పరీక్ష పేపర్లు దిద్దే మాకు ఆ తేడా విలువ తెలుసు!

ఆయన ఒకచోట నిలిచిన మనిషి కాడు. బాల్టిమోర్‌లో కొన్నాళ్లు, బాన్‌లో చాలా ఏళ్లు ఉన్నాడు. 1886లో బ్రెజిల్, 1889-90లో సిలోన్, జావా తిరిగాడు. సముద్రపు ఒడ్డున మడ అడవులను చూసి ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నాడు. నీళ్లలోనే నిలబడ్డ చెట్టుకు ఎడారి మొక్కలా దళసరి ఆకులెందుకు? ఉప్పునీటిని వేళ్లు సులువుగా పీల్చుకోలేవు కాబట్టి చుట్టూ నీళ్లున్నా ఆ చెట్టుకు కరువే అని ఆయన వివరణ. కాకినాడ దగ్గర కోరింగకు పడవలో వెళ్లిన పిల్లలు అక్కడి ఆకులను గుర్తు చేసుకోండి. మన వసంత్ కుంజ్ పక్కన రిడ్జ్ మీద విలాయతీ కీకర్ (మన ఊళ్లలో సర్కారు తుమ్మ) చిన్న చిన్న ఆకులు కూడా వేరే రకం కరువుకు వచ్చినవే. మొక్క రూపానికీ వాతావరణానికీ ఉన్న ఇలాంటి లెక్కలన్నీ కలిపి 1898లో ఆయన పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. ఉష్ణమండల వర్షారణ్యం అనే పేరు శాస్త్రంలోకి వచ్చింది ఆ రాతల నుంచే.

అదే ఏడాది బాసెల్‌లో ఆచార్య పదవి వచ్చింది. అదే ఏడాది వాల్డీవియా అనే ఓడ మీద జర్మనీ వాళ్ల సముద్ర పరిశోధన యాత్రకు వృక్షశాస్త్రజ్ఞుడిగా బయలుదేరాడు. ఆఫ్రికా తీరంలో మలేరియా పట్టుకుంది, ఆ తర్వాత ఆరోగ్యం మళ్లీ కోలుకోలేదు. 1901 సెప్టెంబరు 9న, 45 ఏళ్లకే పోయాడు.

పేజీ అడుగున రాసిన మాట మాత్రం మిగిలింది. 1905లో రష్యా శాస్త్రజ్ఞుడు మెరెష్‌కోవ్‌స్కీ దాన్ని సిద్ధాంతంగా మలిచాడు. ఎక్కువమంది నమ్మలేదు. 1962లో ఆకుపచ్చ రేణువుల్లో సొంత డీఎన్ఏ ఉందని తేలింది. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదాన్ని మళ్లీ నిలబెట్టింది. ఒకప్పుడు వేరే కణం లోపలికి చేరి అక్కడే ఉండిపోయిన సయనోబాక్టీరియా సంతానమే ఈ రేణువులని ఇప్పుడు శాస్త్రం ఒప్పుకుంటోంది. వాటి జన్యువుల్లో చాలావరకు కాలక్రమంలో కణకేంద్రకానికి చేరాయి, రేణువులో మిగిలింది కొద్దే.

మరి ఆ నడుమును నొక్కేదేమిటి? 1986లో జపాన్‌లో కురోయివా బృందం, వేడినీటి ఊటల్లో పెరిగే ఒక ఎర్ర శైవలంలో, చీలబోయే రేణువు చుట్టూ సంచి మూతికి బిగించిన నాడా లాంటి వలయాన్ని చూసింది. 1995లో, బాక్టీరియా రెండుగా చీలడానికి వాడుకునే ఎఫ్‌టీఎస్‌జడ్ అనే ప్రోటీన్‌కు చుట్టమైన ప్రోటీన్ మొక్కల రేణువుల్లోనూ ఉందని తెలిసింది. లోపలి వలయం బాక్టీరియా వైపు నుంచి వచ్చిన ఆస్తి. బయటి వలయంలో ఆశ్రయమిచ్చిన కణం సొంత ప్రోటీన్ ఉంది. లోపలినుంచి ఒకరు, బయటినుంచి ఒకరు కలిసి బిగిస్తేనే రేణువు సరిగా రెండవుతుంది. కణానికి ఒక్కటే రేణువున్న శైవలాల్లో కణం చీలే వేళకు ఇదీ చీలి తీరాలి, లేకపోతే పిల్లకణాల్లో ఒకదానికి వాటా దక్కదు. షింపర్‌కు కనపడింది నడుము సన్నబడడం ఒక్కటే. బిగించే నాడా కనపడడానికి ఇంకో నూటమూడేళ్లు పట్టింది.