పేగు తీగల గిటారు చేసిన వడ్రంగి కొడుకు

జర్మనీలో మన తెలుగు ఇళ్ళలో పిల్లలను మ్యూజిక్‌షూలెలో గిటారు క్లాసుకు పంపడం ఇప్పుడు మామూలైపోయింది. మార్టిన్ అనే పేరు చెబితే పెద్ద పిల్లలు కళ్ళింతలు చేసుకుంటారు, అది అమెరికా గిటారని. నిజానికి ఆ పేరు గల మనిషి మన పక్కనే, జాక్సనీ రాష్ట్రంలో పుట్టాడు. పాత గిటార్ల మీద తప్పు తీగలు బిగించి పాడుచేసుకుంటున్న వాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆయన కథ చెప్పాలనిపిస్తుంది.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796 జనవరి 31న మార్క్‌నొయ్‌కిర్షెన్‌లో పుట్టాడు. చెక్ సరిహద్దు పక్కన చిన్న ఊరు. బొహీమియా నుంచి వలస వచ్చిన వయొలిన్ పనివాళ్ళు 1677లోనే అక్కడ సంఘం పెట్టుకున్నారు. మార్టిన్ ఇంటివాళ్ళు మాత్రం వడ్రంగుల సంఘం వాళ్ళు, అంటే బీరువాలూ బల్లలూ చేసేవాళ్ళు. గిటార్లూ చేసేవారు. కుర్రాడు వియన్నా వెళ్ళి, ఆ కాలంలో పేరుమోసిన యోహాన్ గేయోర్గ్ స్టౌఫర్ దగ్గర పని నేర్చాడు. అక్కడే హార్ప్‌లు చేసే క్యూలె గారి కూతురు ఒట్టీలీని 1825లో పెళ్ళాడాడు.

సొంతూరికి తిరిగొచ్చేసరికి గొడవ సిద్ధంగా ఉంది. వాద్యాలు చేసే హక్కు తమదేననీ, సామాన్లు చేసుకునే వడ్రంగులకు గిటారుతో పనేమిటనీ వయొలిన్ సంఘం అధికారుల దగ్గరికి ఎక్కింది. ఈ తగాదా ఏళ్ళ తరబడి సాగింది. బొబ్బిలి వీణను పనస దుంగలోంచి తొలిచే మన పనివాళ్ళను నువ్వు వడ్రంగివి, నీకు వీణెందుకు అంటే ఎలా ఉంటుంది? వడ్రంగులే నెగ్గారు. అయినా మార్టిన్‌కు ఆ ఊళ్ళో ఊపిరాడలేదనుకుంటాను. 1833 సెప్టెంబరులో పెళ్ళాం బిడ్డలతో ఓడెక్కి, నవంబరులో న్యూయార్క్‌లో దిగాడు. హడ్సన్ స్ట్రీట్‌లో దుకాణం పెట్టి గిటార్లు చేస్తూ, బయటి నుంచి తెప్పించిన వాద్యాలూ సంగీత పుస్తకాలూ అమ్మాడు. ఆ నగరం ఆ దంపతులకు సరిపడలేదు. 1839 నాటికి పెన్సిల్వేనియాలో నజరెత్ అనే ఊరి దగ్గరికి మారిపోయారు. అది జర్మన్ మాట్లాడే మొరావియన్ క్రైస్తవుల ఊరు. పరాయి దేశంలో మన భాష వినిపించే వీధి వెతుక్కునే అలవాటు మనకూ ఉన్నదే కదా.

ఇక తీగల సంగతి. మార్టిన్ బతికినంత కాలం గిటారుకు వేసినవి గొర్రె పేగుతో చేసిన తీగలు. మందర స్థాయి తీగలు మాత్రం పట్టు దారం మీద సన్నటి లోహపు తీగ చుట్టినవి. ఆ తీగలు మెత్తగా లాగుతాయి కాబట్టి ముందు పలకను పలచగా, తేలిగ్గా చేశాడు. 1840లలో పలక లోపల బద్దెలను ఇంటూ గుర్తులా అడ్డంగా అమర్చాడు. అప్పటి మరికొందరు జర్మన్ వలస పనివాళ్ళూ అలాగే చేశారు, ఘనతంతా ఆయనదేనని నేననను.

అసలు చిక్కు బ్రిడ్జ్ దగ్గర ఉంది. ఆ నాటి గిటార్లలో పేగు తీగకు ముడి వేసి, రంధ్రంలో దించి, పిన్ను బిగించేవారు. ఇప్పుడు పిన్నులంటే స్టీలు తీగల గిటారనే లెక్క. ఫ్లోమార్క్ట్‌లో పాత గిటారు కొన్నవాళ్ళు పిన్నులు చూసి స్టీలు సెట్ ఎక్కించేస్తారు. మా ఊళ్ళో ఒక మరమ్మతు దుకాణంవాడు నాకు అదే సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. నైలాన్ సెట్ మొత్తం సుమారు 40 కిలోల బరువుతో లాగితే, పలచటి స్టీలు సెట్ 70 కిలోలకు పైగానే లాగుతుంది. కొన్ని నెలల్లో పలక ఉబ్బుతుంది, మెడ వంగుతుంది, చివరికి బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది. అలాంటి వాటికి పేగు తీగలో, నైలాన్‌వో వేసుకోవాలి.

పిల్లల మామూలు క్లాసికల్ గిటారుకైతే పిన్నులుండవు. తీగ కొసను బ్రిడ్జ్ రంధ్రంలోంచి వెనక్కి లాగి, తన కిందే దూర్చి తిప్పి, చివరి మడత బ్రిడ్జ్ వెనక అంచు దిగువన నొక్కుకునేలా చూడాలి. మడత పైనే ఉండిపోతే తీగ జారి పలకకు గాటు పెడుతుంది. స్టీలు గిటారులో కొసనున్న గుండు పిన్ను అడుగున ఇరుక్కోకూడదు. లోపలి చెక్కకు ఆనుకునేదాకా తీగను పైకి లాగి, అప్పుడు బిరడా తిప్పాలి.

మార్టిన్ 1867లో కొడుకునూ బంధువునూ భాగస్వాములుగా చేర్చుకుని, 1873 ఫిబ్రవరి 16న నజరెత్‌లో కన్నుమూశాడు. స్టీలు తీగలకని బలపరిచిన గిటార్లు ఆ కంపెనీలో 1920లలో మామూలయ్యాయి. పేగు తీగల కోసం అమర్చిన ఆ ఇంటూ బద్దెలే అప్పుడు స్టీలు బరువును మోయడానికి పనికొచ్చాయి.

ప్లావెన్ వైపు వెళ్ళేవాళ్ళు మార్క్‌నొయ్‌కిర్షెన్‌లో ఆగండి. 1883లో మొదలైన వాద్యాల మ్యూజియం ఇంకా నడుస్తోంది.