టర్బో కారుకు అసలు శత్రువు వేడే! 20 ఏళ్లు పట్టు వదలని ఆల్‌ఫ్రెడ్ బ్యూకి కథ ఇదీ..

ఇప్పుడు చిన్న కారు కొన్నా దాని వెనక టర్బో అనే బ్యాడ్జ్ కనిపిస్తోంది. 1 లీటర్ ఇంజినే అయినా పెద్ద ఇంజిన్ పికప్ ఇస్తుందని షోరూమ్‌లో చెబుతారు. నిజమే. కానీ మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుని బయటపడ్డాక, అదే కారు కాసేపు బద్ధకంగా లాగుతుంది. చాలాసార్లు దీనికి కారణం ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బాగా వేడెక్కిపోవడమే. ఈ టర్బోను ప్రపంచానికి ఇచ్చిన ఇంజినీర్‌కి కూడా జీవితమంతా ఈ వేడితోనే పేచీ. ఆయనే స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. డీజిల్ పేరు తెలిసినంతగా జనానికి ఈయన పేరు తెలియదు. ఇంజిన్ల చరిత్రలో మాత్రం ఇద్దరిదీ పక్కపక్క స్థానమే.

ఫ్యాక్టరీల ఊళ్లో పుట్టాడు

బ్యూకి 1879 జూలై 11న వింటర్‌తూర్ అనే పట్టణంలో పుట్టారు. సుల్జర్ లాంటి పెద్ద ఇంజిన్ కంపెనీ ఉన్న ఊరు అది. తండ్రి కూడా ఆ కంపెనీలోనే పెద్ద హోదాలో పనిచేశారు. అలా ఇంట్లోనే కాదు, ఊళ్లోనూ ఎటు చూసినా యంత్రాలే. జ్యూరిక్‌లోని పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 1903లో పట్టా తీసుకున్నారు. తర్వాత కొన్నాళ్లు బెల్జియం, ఇంగ్లాండ్‌లలో ఉద్యోగం చేశారు.

ఆ రోజుల్లోనే ఒక విషయం ఆయన బుర్రను తొలిచేసింది. ఇంజిన్‌లో కాలిన ఇంధనం శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగ రూపంలో బయటికి పోతోంది. డబ్బులు పెట్టి కొన్న ఇంధనం ఇలా గాల్లో కలిసిపోవాల్సిందేనా?

పొగతోనే ఫ్యాన్ తిప్పితే?

బ్యూకి ఆలోచన చెప్పుకోవడానికి చాలా సింపుల్. బయటికి దూసుకొచ్చే పొగకు ఒక టర్బైన్ అడ్డం పెట్టాలి. అది తిరిగితే దాంతో పాటు ఒక కంప్రెసర్ కూడా తిరగాలి. ఆ కంప్రెసర్ బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపాలి. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ ఇంధనం కాలుతుంది. అదే సైజు ఇంజిన్ ఎక్కువ బలం ఇస్తుంది. ఈ ఐడియాకు 1905 నవంబర్ 16న జర్మనీలో పేటెంట్ నమోదైంది. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లే.

అసలు కష్టాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. సొంత ఊరికి తిరిగొచ్చి సుల్జర్‌లో డీజిల్ ఇంజిన్లపై ప్రయోగాలు చేశారు. 1915 నాటికి ఒక నమూనా తయారైంది కానీ నమ్మకంగా నడవలేదు. తయారీ దాకా వెళ్లకుండానే పక్కన పడింది. నిప్పులాంటి పొగను రోజుల తరబడి తట్టుకునే లోహాలు అప్పట్లో అంతంత మాత్రమే. కంప్రెసర్లు కూడా తీసుకున్న శక్తిలో చాలా భాగాన్ని వృథా చేసేవి. పేటెంట్ చేతిలో ఉంది, ఏళ్లు గడిచిపోతున్నాయి, ఇంజిన్ మాత్రం లేదు.

గాలిని నొక్కితే ఏమవుతుందంటే..

సైకిల్ పంపుతో టైరుకు గాలి కొట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. కాసేపు కొట్టేసరికి పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. టర్బోలో జరిగేదీ ఇదే.

చిన్న లెక్క చూద్దాం. బయట 30 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు పీడనానికి నొక్కిందనుకోండి. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అయితే, అవతలి వైపు వచ్చే గాలి సుమారు 125 డిగ్రీలు ఉంటుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది కదా! అందుకే పీడనం రెండింతలైనా, లోపలికి వెళ్లే గాలి మాత్రం ఒకటిన్నర రెట్లే. అదే గాలిని మధ్యలో 50 డిగ్రీలకు చల్లారిస్తే దాదాపు 1.9 రెట్లు వెళ్తుంది. ఈ పని చేసే రేడియేటర్ లాంటి భాగమే ఇంటర్‌కూలర్.

నష్టం బలం తగ్గడంతోనే ఆగదు. పెట్రోల్ ఇంజిన్‌లోకి మరీ వేడి గాలి వెళ్తే ఇంధనం అదుపు తప్పి దానంతట అదే అంటుకుంటుంది. నాకింగ్ అనేది ఇదే. ముదిరితే పిస్టన్లు దెబ్బతింటాయి. డీజిల్‌కి నాకింగ్ బెడద వేరు కానీ పిస్టన్, వాల్వుల మీద వేడి భారం మాత్రం తప్పదు.

1925లో దొరికిన కిటుకు

బ్యూకి వదల్లేదు. 1925లో దారి దొరికింది. అన్ని సిలిండర్ల పొగను ఒకే గొట్టంలో కలిపేయకుండా, సిలిండర్లను గుంపులుగా విడగొట్టి వేర్వేరు గొట్టాల్లో టర్బైన్ దాకా తీసుకెళ్లారు. దాంతో ఒక సిలిండర్ పొగ ఇంకో సిలిండర్‌కు అడ్డుపడటం ఆగింది. ప్రతి సిలిండర్ నుంచి వచ్చే పొగ తోపు నేరుగా టర్బైన్‌ను తిప్పింది.

ఇక్కడే ఇంకో తెలివైన పని చేశారు. గాలి లోపలికొచ్చే వాల్వు, పొగ బయటికెళ్లే వాల్వు.. రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉండేలా చూశారు. ఆ కొద్ది సమయంలోనే తాజా గాలి సిలిండర్‌లోకి దూసుకెళ్లి, మిగిలిన వేడి పొగను ఊడ్చేసి, లోపలి భాగాలను చల్లబరిచి బయటికి పోతుంది. అంటే బలం పెంచిన గాలే చల్లార్చే పనీ చేసిందన్నమాట. ఇన్నేళ్ల తిప్పలకు సమాధానం ఇందులోనే దొరికింది.

ఫలితం జర్మనీ ఓడల్లో కనిపించింది. ప్రాయిసెన్, హాన్సెస్టాడ్ డాన్‌జిగ్ అనే రెండు ప్రయాణికుల ఓడల్లోని 10 సిలిండర్ల డీజిల్ ఇంజిన్ల శక్తి 1750 హార్స్‌పవర్ నుంచి 2500కి పెరిగింది. అంటే 40 శాతం పైనే! ఆ వెంటనే బ్రౌన్ బోవెరీ కంపెనీతో, వింటర్‌తూర్‌లోని లోకోమోటివ్ ఫ్యాక్టరీతో కలిసి బ్యూకి సిండికేట్ ఏర్పాటైంది. తొలి పేటెంట్‌కీ ఈ విజయానికీ మధ్య 20 ఏళ్లు గడిచాయి. అప్పటికి బ్యూకి వయసు 46.

ఓడల నుంచి ఆకాశానికి, ఆపై రోడ్డుకు

ఈలోగా అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజినీర్ టర్బోను విమానాల వైపు తీసుకెళ్లారు. 1918లో సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ కొండపైకి ఇంజిన్‌ను మోయించి మరీ పరీక్షించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు టర్బోతో పాటు ఇంటర్‌కూలర్లతోనూ ఎగిరాయి. 1938లో బ్యూకి సొంత దేశంలోనే సౌరర్ కంపెనీ టర్బో ట్రక్ తీసుకొచ్చింది.

బ్యూకి 1959 అక్టోబర్ 27న, 80 ఏళ్ల వయసులో పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. షోరూమ్‌లోకి టర్బో కారు రావడం మాత్రం ఆయన చూడలేదు. మరో మూడేళ్లకు, 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ వచ్చాయి.

జెట్‌ఫైర్‌లో ఇంటర్‌కూలర్ లేదు. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు పెట్టారు. చాలామంది ఓనర్లు ఆ ట్యాంక్ నింపడం మర్చిపోయేవారు. ద్రవం అయిపోతే కారు బలం తగ్గిపోయేది. ఆ మోడల్ 1963తోనే ఆగిపోయింది. అంటే బ్యూకిని ఇబ్బంది పెట్టిన వేడే తొలి టర్బో కార్లనూ వదల్లేదు. 1978లో పోర్షే 911 టర్బోకు ఇంటర్‌కూలర్ వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే టర్బో కార్లలో అది మామూలు భాగమైపోయింది.

మీ కారులో ఏం చూసుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో ఎండాకాలం 45 డిగ్రీలు కొత్త కాదు. పైన చెప్పిన లెక్కలోనే 45 డిగ్రీల గాలి వేస్తే, టర్బో నుంచి వచ్చేసరికి అది 145 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. దాన్ని చల్లార్చే భారమంతా ఇంటర్‌కూలర్‌దే. అందుకే దాని రెక్కల్లో బురద, పురుగులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కోకుండా చూసుకోండి. అందం కోసం ముందు గ్రిల్‌కు అడ్డంగా ఏమీ బిగించొద్దు. ఎయిర్ ఫిల్టర్ సమయానికి మార్పించండి. గాలి గొట్టాలకు పగుళ్లు, వదులైన క్లిప్పులు ఉంటే సర్వీసింగ్‌లో సరిచేయించండి.

ట్రాఫిక్‌లో కారు ఆగి ఉన్నప్పుడు ఇంటర్‌కూలర్‌కు ఎదురుగాలి తగలదు. గాలి వేడిని సెన్సర్ పసిగడితే, ఇంజిన్ కంప్యూటర్ ముందు జాగ్రత్తగా బలం తగ్గిస్తుంది. కాబట్టి ట్రాఫిక్ దాటిన వెంటనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా వెళ్లండి. ఎదురుగాలి తగిలి ఇంటర్‌కూలర్ చల్లబడగానే పాత పికప్ తిరిగొస్తుంది. అప్పటికీ రాకపోతే మెకానిక్‌కు చూపించాల్సిందే.