దోర్నకల్ అజరయ్య గారు



తలాంతుల ఉపమానము ఎరుగనివారు మన సంఘములలో లేరు. ఒక్క తలాంతు పుచ్చుకొన్న దాసుడు దానిని త్రాగి పాడుచేయలేదు, జూదమాడలేదు. భయపడి భూమిలో దాచెను (మత్తయి 25). అతనిని సోమరి యనుచుందుము గాని అతడు మిక్కిలి జాగ్రత్తపరుడు కూడ. ఈ నెల మనము తలచుకొనుచున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆ విధమైన జాగ్రత్తతోనే బ్రదుకంతయు పోరాడిరి.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లె గురువుగారి యింట జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియైరి. పట్టణవాసము, మంచి పేరు, దొరల స్నేహము, అన్నియు కుదిరియుండెను. తిరునెల్వేలి సంఘము సయితము అప్పటికే కుదుటపడిన సంఘము. గుడులు, బడులు, చదివి ఉద్యోగములు చేయువారు ఉండిరి. అయితే పొలిమేర దాటి సువార్త పంపుట దొరల పని, దానికి డబ్బు సీమనుండి రావలెను అని చాలమంది ఊరకుండిరి. ఉన్నది చాలునను తలంపు ఆ సంఘమును అక్కడనే నిలిపివేసెను.

1902లో అజరయ్య గారు సింహళములోని యాళ్పాణము వెళ్లినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోనే సువార్తికులను పంపుట చూచిరి. మరుసటి యేట ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడెను. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నడిపింపు మనది అనునది దాని నియమము. ఆ సొసైటీ నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనెను. ఇతరులను పంపి తాము మద్రాసులో కూర్చుండుటకు అజరయ్య గారి మనస్సొప్పలేదు. 1909లో గురుపట్టము పొంది, కుటుంబముతో దోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. ఇంకను సమయము రాలేదని అడ్డుచెప్పినవారిలో దొరలేగాక మనదేశపు క్రైస్తవులును ఉండిరి!

ఆయన మేత్రాసనములోని విశ్వాసులు ఎక్కువగా మాల మాదిగ పల్లెలవారు. దొరల పొలములలో జీతగాండ్రు, కూలివారు. వీరికి భయముండుట వింత కాదు. ఒక పంట పోయినయెడల అప్పు, అప్పు తీరనియెడల వెట్టి. కడుపునిండినవాని భయము వేరు, వీరి భయము వేరు. రెంటిని ఒకే తక్కెడలో తూచరాదని మా తలంపు. అయితే బీదవారు గనుక ఏమియు అడుగరాదను మాటను అజరయ్య గారు అంగీకరింపలేదు. ఎప్పుడును పుచ్చుకొనువాడు ఎప్పుడును చిన్నపిల్లవాడే యని వారి నమ్మకము. స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు సంఘమునకు వేరుగా ఉంచిరి. కోతకాలమున ధాన్యము, కోళ్లు కానుకలుగా తెచ్చిరి. ఒక్క యిల్లు గొప్ప కానుక ఇచ్చిన మరునాడు పస్తుండవలెను. నూరు ఇండ్లు పిడికెడేసి ఇచ్చిన ఎవరి కుండయు ఖాళీ కాదు, సంఘపు గాదె నిండును. ఒంటరిగా మోయలేని నష్టము ఈ విధముగా పదిమందికి పంచబడెను.

మన భిక్నూర్, కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పడుచువారు అప్పుచేసి గల్ఫు దేశములకు పోవుచున్నారు. అంతకంటె తెగువ ఏమున్నది? ఊరిలోనే పదిమంది కూడి ఒక పని మొదలుపెట్టుదమనగా మాత్రము మనము జంకుదుము.

1935 నాటికి దోర్నకల్ మేత్రాసనపు విశ్వాసులు రెండు లక్షలు దాటిరి. దేవాలయము మెల్లమెల్లగా లేచి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములలో, గోపురములలో మన దేశపు కోవెలల, మసీదుల పనితనము కనబడును. సంఘముల ఐక్యత కొరకు అజరయ్య గారు 1919 నుండి పాటుపడిరి. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వారి దోర్నకల్‌తో మన మెదక్ సంఘములును ఒక్కటాయెను.